మంచం పట్టే బండి

చర్లలో ఎరువుల దుకాణం మెట్ల మీద కూర్చుని మొగుడూ పెళ్లాం ఫోన్‌లో షికారు బండ్లు చూస్తున్నారు. గుట్టల్లో, ఇసుకలో కూడా నడిచే రకం.

“నెల రోజుల సంది చూస్తున్నవు. రెండు సీట్లదా, నాలుగు సీట్లదా?” అడిగింది ఆమె.

“నాలుగు సీట్లది. ఆదివారం దోస్తులతోని వాగు ఎంబడి తిరుగుత.”

“రెండు సీట్లదానికి ఎనక సామాన్లేసే పెద్ద తొట్టి ఉన్నది. అండ్ల మంచం పడుతదా?”

“మళ్లా మంచమేనా? పొద్దుగాల సంది గదే అడుగుతున్నవు. షికారు బండిల మంచమెందుకు?”

“పడుతదా, పట్టదా?”

“ఇది అంబులెన్స్ కాదు. సరదాకు కొంటున్న. ఒక్కటన్న నా ఇష్టంగ కొననియ్యవా?”

“కొనుక్కో. మొన్న వానల్ల మీ చెల్లెకు నొప్పులొస్తే అంబులెన్స్ వాగు అవతలనే ఆగింది. ఎట్ల తీస్కపోయినం?”

“మంచం మీద. నాకు తెల్వదా?”

“మరి ఆ మంచం పొడుగెంతో చెప్పు.”

“నాకే చెప్తున్నవా? మూడు కిలోమీటర్లు ముందు కాళ్లు పట్టి మోసింది నేనే.”

అతను విసుగ్గా ఫోన్ లాక్కుని షోరూమ్‌కు కలిపాడు.

“అన్నా, నాలుగు సీట్లది వద్దు. రెండు సీట్లదానికి ఎనక డోర్ దించితే తొట్టి ఆరడుగులు వస్తదా?”