శాంతికుమార్ సారు ఎందుకు మాట్లాడలేదంటే

నా పేరు జంపక్క. భర్త పగిడయ్య, చనిపోయాడు. రేషన్ కార్డులో వయసు యాభై ఎనిమిది అని ఉంది, అంతకంటే ఎక్కువే ఉంటుంది. వృత్తి తునికాకు కోత, కూలి పని. నివాసం ఖమ్మం జిల్లా పినపాక మండలంలోని అడవి గూడెం. ఈ రోజు 9-5-2006, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారికి చెబుతున్నాను.

మీరు కూర్చోబెట్టిన శాంతికుమార్ సారు మా గూడెం బడి పంతులు. సొంతూరు మధిర. ఆదివారం చర్చికి పోతారు. సెలవులిచ్చినా ఊరికి పోకుండా మా మాటలు నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మీరు తీసుకున్న పుస్తకం అదే. అందులో ఒక పేజీ నిండా 'తోడు' అని ఉన్నది నాతో మాట్లాడి రాసిందే.

"జంపక్కా, చెలమలో నీళ్లు తోడతాం. మా అమ్మ పాలకు తోడు పెడుతుంది. మనిషికి మనిషి తోడు. ఈ మూడు మాటలూ ఒక్క తల్లి పిల్లలేనా?" అని అడిగారు.

"పాలది, మనిషిది చుట్టరికం ఉండొచ్చు సారూ. ఒకదాని పక్కన ఇంకోటి చేరుడే గద. నీళ్లది వేరే ఇల్లు. మీకు పెండ్లి కాలె, అందుకే గీ మాట పట్టుకున్నరు" అన్నాను. నవ్వి అదీ రాసుకున్నారు.

పోయిన నెల నా భర్త చనిపోయాడు. మా ఇంటివాళ్లకు ఒక పద్ధతి ఉంది, ఊరందరికీ లేదు. చావు జరిగిన ఇంటి ఆడమనిషి మళ్లీ మొదటిసారి అడవికి పోయే రోజు బయటి మనిషి ఒకరు తోడు రావాలి. బయలుదేరిన దగ్గర్నుంచి ఆ మనిషి నోరు విప్పకూడదు, ఏమీ తాగకూడదు. పని అయ్యాక ఆమె చెలమలో నీళ్లు తోడి దోసిట్లో పోస్తే, అవి తాగి మాట్లాడాలి. మధ్యలో మాట్లాడితే ఆమె అమావాస్య దాకా అడవికి పోరాదు. అప్పటికి ఆకు కోత అయిపోతుంది. నాకు ఏడాదికి ఆ ఆకే ఆధారం. గూడెంలో అందరూ కోతలో ఉన్నారు. సారే "నేనొస్తాను" అన్నారు.

ఉదయం ఆరింటికి బయలుదేరాం. తొమ్మిదింటికి నేను గుట్ట అవతల ఆకు కోస్తున్నాను, సారు ఇవతల నీడలో నిలబడ్డారు. తిరిగొచ్చి చూస్తే లేరు. బీటు గార్డు జైరాం అడిగితే పేరు కూడా చెప్పలేదని, అనుమానం వచ్చి మీకు అప్పగించాడని దారిలో తెలిసింది. జైరాందీ తప్పు కాదు. నేను చెలమకు పోయి, అక్కణ్నుంచి నడిచి వచ్చాను.

స్టేషన్ కుండలో నీళ్లిచ్చినా తాగలేదని మీరే అన్నారు. ఈ ఎండలో. ఆ పద్ధతి ఆయనది కాదు, నాది. నాకు ఏడుపొస్తోంది, అది కూడా రాయండి. పగిడయ్య పోయాక నాకోసం ఇంతసేపు ఎవరూ దాహంతో కూర్చోలేదు.

సొరబుర్రలో చెలమ నీళ్లు తెచ్చాను. "ముందుగాల గివి తాగనియ్యున్రి సారూ. తర్వాత మీరేం అడిగినా ఆయనే చెప్తరు."

జరిగింది జరిగినట్టు చెప్పాను, ఎవరూ బలవంతం చేయలేదు. చదువు రాదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను.

జంపక్క, ఎడమ బొటనవేలి ముద్ర.

ఎస్సై రాసినది: వేలు తడిగా ఉండి మొదటి ముద్ర చెదిరింది. తుడిపించి రెండోది వేయించాను. వాంగ్మూలాన్ని ఆమెకు శాంతికుమారే చదివి వినిపించాడు.