ఒకసారి కొడితే అవును

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. కోడలికి దవడ విరిగి తీగలతో బిగించారు, కుడిచెయ్యి కట్టులో ఉంది. పాపం, మాట్లాడలేదు, రాయలేదు. ఆ రెండు పనులకీ వేరేవాళ్ళు తయారయ్యారు: మాట్లాడ్డానికి అత్తగారు, రాసుకోడానికి స్టేషన్ నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబులమ్మ.

“...బాత్‌రూములో జారిపడిందమ్మా. అంతే. అది రాసేసుకుంటే మేం బయల్దేరతాం. కింద ఆటో పెట్టుకుని మావాడు గంట నుంచీ కాచుకున్నాడు.”

“ఉండండి పెద్దమ్మా. జారిపడితే దవడా, మణికట్టూ, మూడు పక్కటెముకలూ విరుగుతాయా?”

“మరి గట్టిగా జారింది.”

“గట్టిగా జారింది! సరే, ఆమెనే అడుగుతా. అమ్మాయ్, ఎడమచెయ్యి బాగానే ఉందిగా? ఈ బల్ల మీద కొట్టు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నువ్వు జారిపడ్డావా?”

“టక్. టక్.”

“అయ్యో, మందుల మత్తులో ఉందమ్మా, దానికేం తెలుస్తోంది! ఆ కొట్టుడు ఆపమనండి. పక్కమంచాల వాళ్ళు చూస్తున్నారు.”

“చూడనివ్వండి. మీ ఆయన కొట్టాడా అమ్మాయ్?”

“టక్.”

“రాశాను. ‘భర్త కొట్టాడు.’”

“రాసేశారా! ఆ మాట కొట్టెయ్యండి తల్లీ, మీకు పుణ్యముంటుంది. కొట్టడమేంటి, మొగుడూ పెళ్ళాలు. ఏదో కాస్త చెయ్యి చేసుకున్నాడు.”

“ఇందాక జారిపడిందన్నారు?”

“జారకముందు. అన్నం చల్లారిపోయిందని ఒకటి అంటించాడు.”

“ఒకటి అంటిస్తే ఇన్ని ఎముకలా?”

“ఒకటో, రెండో. తగిలించాడు. ఎవరు లెక్కపెడతారమ్మా? మా ఆయన ముందు వీడు దేవుడు. ఆయనైతే ఉతికి ఆరేసేవాడు.”

“మిమ్మల్నా?”

“మరి పక్కింటావిణ్ణా?”

“అంటే కొట్టేవాడన్నమాట.”

“కొట్టడం అంటారేంటమ్మా దాన్ని? కోపిష్టి మనిషి. ఒకసారి ఇక్కడ వాయించాడు, అప్పట్నుంచీ ఈ చెవి వినబడదు. అంతే. పోయి పదేళ్ళయింది, ఇప్పుడు ఆయన్నేం అంటాం.”

“మీ అబ్బాయి ఏం పని చేస్తాడు?”

“గుద్దుకున్న కార్లకి సొట్టలు తీస్తాడు. పగలంతా రేకు మీద కొట్టీ కొట్టీ వస్తాడు, ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు.”

“దేంతో కొట్టాడు ఈమెని?”

“రబ్బరు సుత్తేనమ్మా. ఇనపదైతే ఈపాటికి...”

“ఊఁ. ఈపాటికి?”

“ఏమో, నాకేం తెలుసు! నేను ఇంట్లో లేనుగా. వీధి చివర బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్నా.”

“అక్కడ్నుంచే రబ్బరుదో ఇనపదో కనబడిందా?”

“నీళ్ళు కొడుతున్నానన్నాగా!”

“కొడుకు రేకు కొడతాడు. మీరు నీళ్ళు కొడుతున్నారు. అందరూ ఏదో ఒకటి కొడుతూనే ఉన్నారు పెద్దమ్మా మీ ఇంట్లో, మనిషిని మాత్రం ఎవరూ కొట్టలేదు! అమ్మాయ్, ఇదెక్కడ జరిగింది? వంటింట్లోనా?”

“టక్. టక్.”

“పడగ్గదిలోనా?”

“టక్. టక్.”

“ఇంకేం గదులున్నాయి పెద్దమ్మా మీకు?”

“...కొట్టుగది.”

“కొట్టుగదిలోనా అమ్మాయ్?”

“టక్.”

“బియ్యం బస్తాలూ పాత సామానూ పడేసుకునే గది. అందులో ఆ ఇద్దరికీ ఏం పని?”

“దానికి కిటికీ లేదు.”

“లేకపోతే?”

“వీధిలోకి వినబడదు. మా అత్తగారి హయాం నుంచీ అంతే. ఏదైనా కానీ, ఆ గదిలోనే. పరువుగల ఇల్లమ్మా మాది.”

“టక్. టక్. టక్. టక్. టక్. టక్.”

“ఏంటమ్మాయ్? అవునా, కాదా? అన్నిసార్లు కొడితే నేనేం రాసుకోవాలి?”

“ఆపమనండి! మీ కాళ్ళు పట్టుకుంటా, దాన్ని ఆపమనండి!”

“ఎందుకు పెద్దమ్మా అలా చెవులు మూసుకుంటున్నారు? కూర్చోండి. ఏమంటోంది ఆమె?”

“అది మీ ప్రశ్నకి కాదు. అది తలుపు. తలుపు ఇలాగే కొట్టింది.”

“కొట్టుగది తలుపు?”

“ముందు ‘అత్తయ్యా’ అని పిలుస్తూ కొట్టింది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా ఒకసారి పిలిచింది. తరవాత నోట్లోంచి మాట రాలేదు, గరగరమని ఏదో చప్పుడు. అయినా చెయ్యి ఆపలేదమ్మా. కింద నుంచి కొడుతోంది. నేలకి జానెడెత్తులో.”

“అంటే మీరు బోరింగు దగ్గర లేరు.”

“టక్.”

“మళ్ళీ నువ్వెందుకు కొట్టావు అమ్మాయ్, నేనడిగింది మీ అత్తగారిని.”

“అది కాదమ్మా. ఈసారి బల్ల మీద నేనే కొట్టాను. ఆ మాట నోటికి రావడం లేదు.”

“మీ అబ్బాయి కొట్టాడు. మీరక్కడే ఉన్నారు. అవునా?”

“టక్.”

“చూశారా?”

“టక్. టక్... చూళ్ళేదు. విన్నాను. వినబడని ఈ చెవికీ వినిపించింది.”

“మరి పరిగెత్తుకెళ్ళి తలుపు తీయొద్దూ! లోపల గడియ పెట్టుకున్నాడా వాడు?”

“కొట్టుగదికి లోపల గడియ ఉండదమ్మా. బయటే. వేసింది నేను.”