ఆత్మారాం తెరిచిన డిస్కు

బోధన్ బస్టాండు ఎదురుగా హన్మవ్వ చాయ్ బండి దగ్గర కంప్యూటర్ షాపు ఆత్మారాం ఉత్తినే చాయ్ తాగడు. తాగినంతసేపూ ఏదో ఒక యుద్ధం గెలుస్తాడు. ఆ రోజు గెలిచింది లత హార్డ్ డిస్కు మీద.

లత డిచ్‌పల్లి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వాళ్ల నాయనమ్మ ఈరవ్వ పాడిన చెరుకు నరికే పాటలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఈరవ్వ పోయిన నెలలో కాలం చేసింది. డిస్కు కింద పడి లాప్‌టాప్‌లో కనిపించకపోతే, లత నిన్న దాన్ని ఆత్మారాం చేతిలో పెట్టింది. ఇప్పుడు ప్రాణాలు ఉగ్గబట్టుకుని బల్ల అంచున కూర్చుంది.

"నా కంప్యూటర్ల విండోస్ ఉండది, లినక్సు ఉంటది. దానంతట అది ఏదీ చెప్పది, మనమే అడగాలె. రెండు ముక్కలు టైపు కొట్టిన. లోపలున్న డిస్కులన్నీ పేర్లు చెప్పుకున్నయి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వద్దంటే ఆగుతవా," అంది హన్మవ్వ పాలు దించుతూ.

"నా కొట్టుడు జర గట్టిగైంది. రోడ్డు మీద పోయే చెరుకు ట్రాక్టర్లల్ల పాటల పెన్ డ్రైవులు ఉంటయి సూడు, అవన్నీ వచ్చి నా తెర మీద వరుస కట్టినయి! ఎస్‌డీసీ, ఎస్‌డీడీ... జెడ్ దాకా పోయి అక్షరాలు ఒడిసినయి. గప్పుడు కంప్యూటర్ అ ఆ ఇ ఈ అందుకున్నది! మాక్లూర్ల ఒగాయన అంగి జేబుల ఉన్నది కూడ వచ్చె. ఇందల్వాయి కాడ హైవే లారీలయి వస్తుంటె నేనే చెయ్యి అడ్డం వెట్టిన."

"అం అః దాకా పోలేదా?" అంది హన్మవ్వ.

"పోతుండె, కరెంటు పోయింది."

లతకు నవ్వు రాలేదు. "నా డిస్కు సంగతేందన్నా?"

"ఆడికే వస్తున్న. నీది ఎస్‌డీబీ. ఫార్మాట్ కొట్టి సెట్ చేద్దామంటె కంప్యూటర్ నా కాళ్ల మీద పడ్డది. 'ఆత్మారాం సార్, దీంట్ల ఫైళ్లున్నయి, నిజంగనే తుడవాల్నా?' అని. మన ముందట దాని ఆటలా? ఔనని వై కొట్టిన. ఇప్పుడు నీ డిస్కు కొత్త కుండ లెక్కున్నది!"

లతకు ఈరవ్వ రెండోసారి పోయినట్టయింది. ఆత్మారాం మాత్రం సంచీలోంచి డిస్కు తీసి దర్జాగా చేతికిచ్చాడు. దానికి ఫోన్ చార్జింగ్ వైరొకటి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది.

"ఇదేందన్నా?"

"మొన లోపలికి చొరలే. రబ్బరు బ్యాండేసి ఆనిచ్చిన. గివన్నీ మీ కాలేజీల చెప్పరు."

లత ఆ రబ్బరు బ్యాండు విప్పి, వైరు మొనను డిస్కు రంధ్రానికి ఆనించి చూసింది. తర్వాత తన బ్యాగులోంచి వెడల్పు మొన ఉన్న వైరు తీసింది. నిన్న ఇవ్వడం మరిచిన డిస్కు వైరు అదే. డిస్కు పనిచేస్తుందో లేదో తర్వాతి మాట. ఆత్మారాం చెయ్యి దాని మీద పడలేదు, అదే పదివేలు.

"ఫోన్ వైరు దీనికి ఎక్కనే ఎక్కదన్నా. నా డిస్కు నీ కంప్యూటర్‌కు కలవనే లేదు. మరి ఎస్‌డీబీ అని నువ్వు తుడిచిందేంది? నీ డబ్బా లోపల రెండో డిస్కున్నదా?"

ఆత్మారాం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఉన్నది," అన్నాడు మెల్లగా. "మా బిడ్డ లగ్గం వీడియోలు అండ్లనే ఉండె. ఇంకోకాడ లెవ్వు. పదిలంగ పెట్టిన అని ఇంట్ల నేనే చెప్పిన. ఇప్పుడు మా ఆమెకు ఏం చెప్పాలె హన్మవ్వా?"

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది హన్మవ్వ. "అలవాటు లేదు గని, ఒక్కసారికి ఏం గాదు."