పెద్దక్కకు ఎన్నేళ్ళు?

డాక్టరు మీ నాయనమ్మ వయసడిగాడు సరే, ఆమెకేం కావాలో మీ ఇంట్లో ఒక్కరైనా అడిగారా? నేలచూపులు చూడకు పిల్లా, కూర్చో. "ఈ వయసులో కీమో ఎందుకు, పాపం, హింస" అన్నావు చూడు, అచ్చం ఈ మాటే మా పెద్దక్క కొడుకూ అన్నాడు. పెద్దక్కంటే నా తోడబుట్టింది కాదులే, కుట్టుషాపులో మాతో పనిచేసిన మనిషి. పోయి చాలా కాలమైంది. నోరా అది, కత్తెరకు పదును పెట్టుకోవచ్చు. ఆ షాపులో ఒక పద్ధతుండేది, వయసులో పెద్దవాళ్ళే బట్ట కత్తిరించాలి, చిన్నవాళ్ళు గుండీలు కుట్టుకుంటూ పడుండాలి. ఈవిడ చేరిన రోజే పదేళ్ళు కలిపి చెప్పి కత్తెర లాక్కుంది. బళ్ళో నాకంటే ఒక తరగతి కిందది, అయినా "అక్కా, అక్కా" అని పిలవక చచ్చేదాన్నా? ఆ నోటితో ఎవరు పెట్టుకుంటారు. ఆ వయసే అన్నిచోట్లా రాయించింది, కన్నకొడుక్కీ అదే చెప్పింది. ఆ లెక్కన మొగుడు తనకంటే చిన్నవాడయ్యాడు. ఆ సంగతి ఆ మహానుభావుడికి ఏనాడూ తట్టలేదు, పెళ్ళాం వయసు ఆయనకెందుకు?

ఆఁ, ఎక్కడున్నాను? రొమ్ములో గడ్డ. దూకుడు రకం, కోసేసినా మళ్ళీ పాకొచ్చన్నారు. ఆపరేషనయ్యాక కీమో ఇవ్వాలా వద్దా అన్న మాటొచ్చింది. పెద్దక్కనూ తోడెళ్ళిన నన్నూ బయట బల్లమీద కూర్చోబెట్టి, తండ్రీకొడుకులు లోపల డాక్టరమ్మతో మంతనాలు. "ఎనభై దాటాయండీ, తట్టుకోలేదు" అని కొడుకు. "దానికివన్నీ తెలీవండీ" అని మొగుడి వంత. అంతకు ముందేడే ఆయన గుండె కోసి కుట్టించారు. ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టారే గానీ వయసు ఊసెత్తిన నాథుడు లేడు. తలుపు సందులోంచి విన్నదంతా విని పెద్దక్క విసురుగా లోపలికెళ్ళి, "నాకు డెబ్బై రెండే" అంది. కొడుకు తల పట్టుకుని, "చూశారా డాక్టరుగారూ, మతి కూడా తప్పుతోంది" అన్నాడు. ఇంకేం, ముసలిదే కాక పిచ్చిది కూడానాయె. ఇక మందెవరిస్తారు? "రావే, నేను నీకంటే చిన్నదాన్నని చెప్పు" అని నా రెక్క పట్టి లాగింది. జీవితమంతా అక్కా అనిపించుకున్న మనిషి. "అవునండీ, బళ్ళో నా వెనక తరగతి" అన్నాను. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, "ఎనభై అయినా డెబ్బై అయినా వయసొక్కటే చూసి వద్దననమ్మా. మీ గుండె తట్టుకుంటుందా, మీ పనులు మీరు చేసుకుంటున్నారా, అవి చూస్తాను. నీరసపడతారు, నోరు పూస్తుంది, జ్వరమొస్తే ఆగకుండా రావాలి. మందు పనిచేయకపోనూ వచ్చు. ఇంతకీ మీకేం కావాలి?" అంది. అంత నోరున్న మనిషీ, తప్పు చేసినదానిలా, "బతకాలనుందమ్మా" అంది.

పరీక్షలన్నీ చేసి కీమో మొదలుపెట్టారు. తేలిగ్గా అయిందని నేననను. మధ్యలో రక్తకణాలు పడిపోతే ఆపారు, డోసు తగ్గించారు. "నేను వద్దనలేదూ?" అని కొడుకు మొదలెడితే, "ఊడింది నా జుట్టురా, నీ మీసం కాదు" అంది. తర్వాత కొన్నేళ్ళు మా అందరి మీదా పెత్తనం చేస్తూనే బతికింది. చివరికి ఆ జబ్బే తిరగబెట్టింది, అబద్ధమెందుకు. అప్పుడు కొడుకే కీమో కీమో అని వెంటపడ్డాడు, ఈసారి తనే వద్దంది. ఆ కావాలీ తనదే, ఈ వద్దూ తనదే.

మీ నాయనమ్మ పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుంది గానీ నిద్రపోలేదు. లే. మీ నాన్నా బాబాయీ వచ్చి తేల్చేలోపు వెళ్ళి అడుగు. ఏం చెప్పినా సరే, రేపు డాక్టరు ముందు ఆ మాట ఆమె నోటితోనే చెప్పించు.