బంపర్ సందులో నీలం ముక్క

హలో… ఆ, మైమూన్‌నే మాట్లాడేది… అవినాషన్నా! కువైట్ నుంచేనా?

లే, లే, బాగానే ఉండా… గొంతా? ఊరికే, జలుబు.

ఏంది, మీ లారీ మాదిరి నేను గీసిన స్కిన్ ఆటలో ఎక్కల్యా?… ఫైలు దించుకున్యావు గదా. దాన్ని విప్పి ఆట ఫోల్డర్లో పెట్టల్ల. ఆ, మాడ్స్ అని ఉంటాది సూడు, దాంట్లో. ఆట మూసి మళ్లా తెరువు. గ్యారేజీలో తెల్లలారీ మీద నొక్కితే మీ లారీ రంగులు—

అన్నా, ఆగు. వద్దు. ఎక్కించొద్దు.

…నాకు తెలుసు. ఆ రూములో కూచోని మీ పులివెందుల లారీ తోలల్లని నీకు శానా ఆశ. నాకు తెలుసన్నా. ముందర నా మాట ఇను.

గీసేదానికని నువ్వు పంపిన లారీ ఫోటోలు ఎవురు తీసిరి?… క్లీనరా. ఏ దినం?… నువ్వు అడిగిన పొద్దే. అంటే శుక్రవారం.

…చెప్తా, చెప్తా.

నేను ఫోటోలో ఏముంటే అదే గీస్తా గదా. సొట్ట పడినా, గీత పడినా ఇడ్సను. మీయన్న లారీకి ముందర, ఎడం పక్క బంపర్ సందులో ఒక ముక్క ఇరుక్కోనుంది. నీలం ప్లాస్టిక్కుది. దాని మీద ఆంజనేయసామి స్టిక్కరు, సగం. గద ఉంది, తోక ఉంది, మొగం లేదు… నేనూ అట్లనే అనుకుంటి. గండి ఆంజనేయసామి గుడికి పోయొచ్చి అంటించుకున్యారేమో అని. సక్కగా గీసి పెడ్తి.

…మొగం ఉండే సగం జమ్మలమడుగులో ఉందన్నా.

నాగేంద్రమ్మని, ఒకామె ఇంట్లో… నీకు తెలీదు. నిన్నటిదాకా నాకూ తెలీదు. ఆమె కూతురు శిల్ప ఈ లారీల ఆట ఆడతాది. మన పక్క లారీ వచ్చిందని, నేను నా పేజీలో పెట్టిన స్కిన్ దించుకునింది. బండిని ముందర పక్కకు తిప్పి సూసింది. అంతే, అరుసుకుంటా లేసిందంట.

…వాళ్ల నాయన మోపెడ్‌దన్నా ఆ ముక్క. గురువారం సాయంత్రం ముద్దనూరు రోడ్డులో ఏదో లారీ గుద్ది, నిలపకుండా పోయింది… లేదు. బతకల్యా ఆయప్ప. రెండు గంటలు రోడ్డు పక్కనే పడుండాడంట.

ఇంకా ఉందన్నా, ఇను.

…నేను అబద్ధమెందుకు చెప్తా? శిల్ప మోపెడ్ ఫోటో పంపింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి సూస్తి. చిరిగిన అంచు ఈడికాడికే సరిపోయింది.

డ్రైవరా? ఏమో, తోలిందెవురో నాకెట్ల తెలుస్తాది… ఏంది? ఆ బండి మీయన్న ఎవురికీ ఇయ్యడా?… తానే తోల్తాడా?

యా అల్లా.

…అయితే అందుకే. అందుకే పొద్దున ఫోన్ చేసినాడు. ‘ఫోటోలు యాడుండాయి, కంప్యూటర్ యాడుంది’ అని అడిగె. ‘ప్రొద్దుటూరికి వస్తాండా’ అనె. పెట్టేసె… ఆయప్పకు ఎట్ల తెలిసిందంటావా? ముచ్చట పడతాడని నేను గీసిన లారీ బొమ్మ మీయన్నకు పంపింది నువ్వే గదా… నా ఇల్లు కూడా నువ్వే చెప్పినావా?… తెలీక చెప్పినావులే.

వచ్చినాడన్నా. ఇప్పుడే. మా వాకిట్లో ఉండాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. గడి పెట్టుకోని నిలబడుకోనుండా. ఇంటాండావా, తలుపు కొడ్తాండేది?

…ఫోటోలు తీసేయమంటావా? లాభం లేదు. పొద్దున్నే శిల్పకు పంపిస్తి. అన్నీ. నువ్వు పంపిన తేదీతో సహా. తల్లీకూతుర్లు స్టేషన్లో ఇచ్చి వచ్చిరి… నీ నంబరు కూడా ఉంటాది. నీ ఫోన్లో నుంచే వచ్చినాయి గదా. ఆ మాట చెప్పల్లంటేనే నాకు నోరు రాల్యా.

తిట్టు. ఎంతైనా తిట్టు. ఫోన్ మాత్రం పెట్టొద్దన్నా, నీ కాళ్లకు మొక్కుతా.

ఏడ్సొద్దు… తెలుసు. నాయన లేకపోతే నిన్ను సాకింది మీయన్నే. నాకు చెప్పినావు గదా.

…ఏమంటివి? మళ్లా చెప్పు… పోలీసులు అడిగితే నువ్వే చెప్తావా? ‘ఆ ఫోటోలు నేనే తీపించినా, ఏమీ మార్చల్యా’ అని?… మీయన్న మీదనే?

…ఒట్టొద్దు. నీ మాట చాలు.

—వస్తాండా! ఉండు నారాయణన్నా, వస్తాండా!

తెరవల్లనా? నీకు మతి ఉండే చెప్తాండావా?… పక్కింటోళ్లా? దిల్షాద్‌బీ ఉంటాది. ఉండు, కిటికీలో నుంచి పిలుస్తా. —ఖాలా! దిల్షాద్ ఖాలా! ఒకసారి మా వాకిట్లోకి రా! బిర్నా, తొందరగా!

…వస్తాంది. ఇంకిద్దరు ఆడోళ్లు కూడా వస్తాండారు.

ఫోన్ ఎవురికియ్యల్ల?… మీయన్నకా? ఏం చెప్తావు నువ్వు?… సరే. సరేలే. నువ్వు లైన్లోనే ఉండు. గడి తీస్తాండా.

…ఆడనే ఉండు నారాయణన్నా. లోపలికి రావద్దు. ఫోటోలు స్టేషన్లో ఉండాయి, నా కాడ ఏం లేవు… నన్ను కొట్టినా అంతే.

ఇదో, మీ తమ్ముడు. కువైట్ నుంచి. ఏడుస్తాండాడు. నీతోనే మాట్లాడల్లంట.

పట్టుకో.