గుండె లేని గుండె పాఠం

తన వైద్య పాఠ్యపుస్తకాన్ని నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టించాలని వచ్చిన ప్రొఫెసరుగారు, లైబ్రేరియన్ బల్ల ముందు తిష్ఠ వేశారు.

"ఒక్క మీట నొక్కడానికి మూడు వారాలా, అమ్మా?"

"మీట ఒక్కటే మాస్టారూ, మీ బొమ్మలు రెండొందలు! చూపులేని పిల్లలకోసం ఒక్కోదాంట్లో ఏముందో రాస్తున్నా. ఇంకా నలభై ఉన్నాయి."

"అవి తర్వాత చూద్దాం. ఇవాళే నెట్‌లో పెట్టేయండి."

"అట్టమీద 'అందరికీ' అని వేయించింది మీరేగా? కళ్లు మూసుకుని వినండి."

ఆవిడ మీట నొక్కగానే కంప్యూటరు గుండె పాఠం పైకి చదివింది. "బొమ్మ. బొమ్మ. బొమ్మ."

"ఇదేమిటి, గుండె పాఠంలో గుండే మాయం!"

"మీరు ఇవాళే పెట్టేయమన్న పేజీయే ఇది. ఈ బొమ్మల్లో ఏముందో ఇంకా రాయలేదు."

ఆయన కళ్లు తెరిచి, కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"చెరో ఇరవై రాద్దాం. మొదటి పేజీలో నా పేరు పక్కన మీ పేరు వేసుకోండి."

ఆవిడ నవ్వు ఆపుకోలేదు.

"మొదటి రోజే వేసేశాను మాస్టారూ! ముందు ఆ గుండె సంగతి రాయండి."