డెబ్బై తొమ్మిది కిలోల దేవ్‌సింగ్

హలో… హలో… ఆ, నేనే. హేమ్లినే. గట్టిగ మాట్లాడు, ఈడ మిరపకాయలు కుప్ప పోస్తుండ్రు, ఒకటే తుమ్ములు…

అవ్, పొద్దుటి సంది ఈ మిర్చి దుకాణంలనే కూసున్న. ములకలపల్లిల మనకు ఇంకేడుంది ఫోను… పదిన్నరకు చేస్తనంటివి గద. చెప్పు. ఖమ్మంల నడక పరీక్ష అయిందా?…

ఎంతసేపట్ల?…

మూడు గంటల నలభై నిమిషాలా! ఇరవై అయిదు కిలోమీటర్లు!… ఇంకోసారి చెప్పు, పగిడయ్యన్నకు చెప్త. — అన్నా, మూడు గంటల నలభైకే వచ్చిండట! నాలుగు గంటల టైమిస్తే ఇరవై నిమిషాలు మిగిలిచ్చిండు! — ఇగో, కాంటా కాడికెల్లి దండం పెడుతుండు నీకు.

ఏందీ? ఎవరు పడ్డరూ?… పెనుబల్లి గార్డా… మొన్న మొన్న చేరినాయన… సొమ్మసిల్లి రోడ్డు మీదనే… నువ్వా? నువ్వు భుజానేసుకున్నవా!… ఎంత దూరం?…

రెండు కిలోమీటర్లు మోసినవా… మోసి గూడ మూడు గంటల నలభై…

లాలు నాయినా, ఇది ఇంటే మన లాలుగాడు ఎగిరి గంతేస్తడు. నిరుడు వానకాలం నిన్నే నలుగురు మోసుకొచ్చి మన వాకిట్ల దించిరి… యాదికి చెయ్యొద్దా? ఎందుకు చెయ్యొద్దు? గా టేకు దొంగలు నిన్ను చూసి ఉరకనన్న ఉరకలే, నడుసుకుంటనే పోయిండ్రు. నీకు ఆయాసమొచ్చి కూలబడితే వాళ్లే ఎనకకొచ్చి నీళ్లు తాపిరి. "గార్డు సారూ, జర కూసోండ్రి, మేం నిదానంగనే పోతం" అనిరి. ఆ ముచ్చట పెద్దసారు చెవిల పడ్డది గనకనే గద ఈ లొల్లంత. ఆర్నెల్లల్ల ఎనభై కిలోలకు దిగాలె, నడక నెగ్గాలె, లేకుంటే అడివిల తిరిగే బీటు తీసేసి ఖమ్మం ఆఫీసు కాయితాల గదిల కూసోబెడ్త అన్నడు…

సరే, సరే. తిట్టను. ఇయ్యాల తిట్టను. నడక నెగ్గినవ్. ఇగ తూకం ఒక్కటే గద. అదేమంత పని, మొన్న శనివారమే పగిడయ్యన్న తూసె, డెబ్బై తొమ్మిదనె. పదకొండుకు డాక్టరు రాంగనే ఎక్కు, దిగు, బస్సుకు రా…

ఏందయ్యా, ఏమన్నవ్?…

ముందుగాల నువ్వే ఎక్కి చూసుకున్నవా. మంచి పనే. ఎంతుంది?…

ఎంత?…

ఎనభై ఆరు?

…

ఏం తిన్నవ్?…

అబద్ధం… అబద్ధం. మూడు దినాలల్ల ఏడు కిలోలా? సూడిబర్రె గూడ గట్ల ఒళ్లు చెయ్యదు. కొత్తగూడెం బస్టాండుల దిగినవా లేదా?… దిగినవ్. దిగి?… చాయ్. చక్కెర?… వెయ్యలే. సరే. చాయ్‌తోటి?… ఏం లేదు. పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు ఉంటయ్ గద?… వాసన చూసినవ్. ఎంతసేపు చూసినవ్?… బస్సు హారన్ కొట్టేదాక. ఊఁ. వాసనకు ఏడు కిలోలు రావులే…

మరి సోమ్లత్త ఏమన్న మూట కట్టిచ్చిందా?… నువ్వు కాదంటవ్, మీ అమ్మ సంగతి నాకు తెల్వదా? కొడుకు చిక్కితే టీబీ వచ్చిందనే ఆమెకు. మొన్న అంబలి ముంతల అడుగున నెయ్యి ముద్ద పెట్టింది, నేను గంటె పెట్టి తిప్పితే పైకి తేలె… సంచి మొత్తం దులిపి చూసినవా?… ఏం లేదు.

బూట్లు ఇడిసినవా?… ఇడిసినవ్. బెల్టు?… ఆ ఇత్తడి బిళ్లది?… తీసినవ్. జేబులల్ల?… జేబులే లేవా. బనీనుతోటే ఎక్కినవా… మరి ఇంకేంది! గా కాంటానే కరాబయిందేమో. జవాను ఉన్నడు గద, నీకు ఆఫీసు ఫోనిచ్చినాయన, వెంకటనారాయణ… ఆయన్ను ఎక్కమను. నేను లైన్ల ఉంట… ఎక్కిండా?… యాభై ఆరు. ఆయనది అసలు ఎంత?… మొన్న దవాఖానాల చూసినప్పుడు గూడ యాభై ఆరే. ఊఁ.

అయితే గాడ కాంటా మంచిదే. అంటే ఈడిది…

ఆగు. ఫోను పెట్టకు.

— పగిడయ్యన్నా! నీ కాంటా ఒకసారి చూడాలె… నిన్ను అంటలేను అన్నా, కాంటాను అంటున్న. గా ఇనుప రాళ్లు రెండు పెట్టు. ఇరవై కిలోలది ఒకటి, ఇంకో ఇరవైది… — ఇంటున్నవా, రాళ్లు పెడుతుండు. చెయ్యి మీసం మీద ఏసుకున్నడు, కోపమొచ్చింది ఆయనకు… ఎంతన్నా?… నలభై. సరిగ్గ నలభైయట.

ఇదేందయ్యా? గాడ కాంటా మంచిదే, ఈడ కాంటా మంచిదే. మరి నడుమల ఏడు కిలోలు ఏడికెల్లి వచ్చినయ్?… ఆగాగు, నేను ఎక్కుత. పోయిన సోమవారమే నర్సమ్మ తూసింది నన్ను, ఇవే బట్టల మీద, అరవై రెండు. — అన్నా, జర అటు జరుగు… ఎక్కిన. ఎంత?…

యాభై తొమ్మిది?

— రాయి నలభైకి నలభై తూగింది గదన్నా. నేనెందుకు తగ్గిన?… ఏందీ?…

లాలు నాయినా. పగిడయ్యన్న ఏమంటుండో తెలుసా? "రాయికి తరుగు ఎందుకు తీస్తరమ్మా" అంటుండు.

తరుగు… అదే, తరుగు! రైతు మిరపకాయ బస్తా తెస్తే తీస్తరు గద, గోనెసంచికి ఇంత, మట్టికి ఇంత, తేమకు ఇంత అని… అదే. మనుషులకు గూడ తీస్తుండు! నా అద్దాల లంగాకు మూడు కిలోలు తీసిండట. ఇరవై యేండ్ల సంది ఈ కాంటా మీద తరుగు తియ్యకుండ ఏ సరుకూ తూయలేదట. నోటికి అట్లనే వస్తదట.

— మా ఆయనకు ఎంతెంత తీసినవన్నా, దాయకుండ చెప్పు… సంచికి ఒకటి. సంచేడిది?… బట్టలు. బట్టలంటే సంచే గదట. ఇంకా… మట్టికి రెండు. బూట్లకు అడివి మట్టంత ఉంటదట. అది గూడ సరేలే. కడమ నాలుగు?… తేమకు!

"కొండ దిగి నేరుగ వచ్చేటోడు, అంగీ పిండితే చెంబెడు కారేటట్టు ఉంటడు, తేమ తియ్యకుంటే పాపం కాదా" అంటుండు…

నవ్వకు. అందరూ నవ్వేటోళ్లే. వెంకటనారాయణను గూడ నవ్వొద్దను…

మొదటిసారిదా? అడుగుత. — అన్నా, ఆర్నెల్ల కింద తూసినప్పుడెంత తీస్తివి?… సంచికి ఒకటే. గప్పుడు నీకు చెమటా లేదు, బూట్లకు మట్టీ లేదు. ఎండు సరుకువట నువ్వు. సూడు, ఎంత కష్టపడితే అంత తడిసినవ్, ఎంత తడిస్తే అంత తరుగు! నెల నెలా ఈయన చెప్పిన లెక్క ఇని నేను మురిసిపోతి. సంక్రాంతి ఎనకాల నాలుగు కిలోలు ఒక్కసారే తగ్గినవని రొట్టె మీద వెన్న గూడ రాస్తి గదయ్యా…

ఏందీ?…

ఏమన్నవ్? ఇంకోసారి అను.

"పోనీలే, కుర్చీ అయితే కుర్చీ."…

గదిల ఫ్యానున్నదా… అప్పుడే చూసొచ్చినవా. కుర్చీ మీద మెత్త గూడ ఉందా. కిటికీల నుంచి ఏం కనబడ్తది?… హోటలు. బాగుంది.

సూడు. తిట్టనన్న, తిట్టను. ఒక్కటే అడుగుత. హాతీరాం బావకు ఏమైంది?… నువ్వే చెప్పు, నీ తోడబుట్టినోడు. అడివిల ఉన్నన్ని దినాలు ఆయన గుట్ట ఎక్కితే మేకలు ఎనకబడేయి. టేకు దుంగల డిపోల కుర్చీ ఇచ్చిండ్రు. తండంతా మిఠాయి తింటిమి. నీడపట్టున ఉంటడని అక్క ఎంత సంబురపడె. రెండేండ్లు… కాళ్లు ఉబ్బె, ఒళ్లు ఉబ్బె, ఆయాసం. కూసున్నోడు కూసున్నట్టే కుర్చీలనే పాయె. బల్ల మీద తలపెట్టి పండుకున్నడనుకొని పొద్దుగూకేదాక ఎవరూ లేపలే…

అవ్. నేను మరవలే. మీదొకటే కడుపు, ఒకటే నెత్తురు, ఒకటే ఆకలి. నేనెట్ల మరుస్త?

నువ్వు వాకిట్ల గుంజీలు తీస్తుంటే బడిపిల్లలు లెక్కబెట్టిరి. ఏం తప్పు చేసినవని సర్పంచి వచ్చి అడిగె, జరిమానా ఏమన్న ఉంటే మాట్లాడి తగ్గిస్తననె. అన్నం పెడ్తలేనని మీవోళ్లు నా మీద పంచాయితీ పెట్టిరి. పెద్దమనుషుల ముందట నిన్ను నిలబెట్టి నీ దండచెయ్యి పట్టి చూపిచ్చిన, "ఇగో పిసికి చూడండ్రి, రాయి తీరుగైంది" అని. అదంత ఎనభై కిలోల కోసమనుకున్నవా?…

ఏందీ, ఏడుస్తున్ననా?…

ఏడుస్తలేను. సరే, నిజమైన లెక్క చెయ్యి. గప్పుడు తొంభై ఎనిమిదన్నడు, సంచి కలిపితే తొంభై తొమ్మిది. ఇయ్యాల ఎనభై ఆరు. పదమూడు కిలోలు నిజంగనే పోయినయ్, ఏ తరుగూ లేకుండ. మనిషిని భుజానేసుకొని నడిచేటోడివి ఫ్యాను కింద కూసుంటవా? గాలే కావాల్నంటే ఇసనకర్ర పట్టుకొని నేను ఇసురుత. పో, లోపటికి పో. పెద్దసారు ముందట నిలబడు, ఉన్నదున్నట్టు చెప్పు… భయమేంది? ఆయనేమన్న పులా? నిరుడు మన ఊరొచ్చినప్పుడు చూడలే నేను, జీపుల నుంచి ముందుగాల బొజ్జ దిగింది, ఎనక సారు దిగిండు. ఆయనకు లేని తూకం నీకెందుకని అడు—

ఎవరూ?…

ఎవరు మాట్లాడేది?…

…నమస్తే సార్.

లేద్సార్… ఫోను ఎప్పుడు తీసుకున్నరు సార్?… పులి కాడ. అంటే బొజ్జ గూడ… అవ్ సార్. తప్పయింది సార్. మీది కాదు సార్… మీదే సార్.

దేవ్‌సింగ్ భార్యను సార్, హేమ్లి అంటరు… తరుగు సార్. మోసం కాదు సార్, అలవాటు. మిర్చి తూసేటాయన… ఈడనే ఉన్నడు సార్, ఇయ్యమంటరా?… వొద్దా. మంచిది సార్, ఆయన గూడ వొద్దనే చెయ్యి ఊపుతుండు.

సార్, నేను సదువుకున్నదాన్ని కాదు. ఆరు కిలోలు ఎక్కువున్నడు, ఒప్పుకుంటున్న. కానీ పొద్దున పడిపోయిన గార్డు తూకమెంత సార్?… అరవై నాలుగు. అరవై నాలుగు కిలోలాయన రోడ్డు మీద పడ్డడు. ఎనభై ఆరు కిలోలాయన ఆయన్ను ఎత్తుకొచ్చిండు. మీకు అడివిల ఎవరు కావాలె సార్?…

రూలు. అవ్ సార్. రూలంటే రూలే…

సార్? దగ్గొచ్చిందా సార్?… నవ్వుతున్నరా.

తిండా సార్?… పొద్దున జొన్న అంబలి, ఒక చెంబు. పదింటికి మొలకెత్తిన పెసలు. మధ్యాహ్నం రెండు రొట్టెలు, మునగాకు పప్పు. పొద్దుగూకక ముందే ఇంకో రొట్టె, మజ్జిగ. ఆదివారం కోడికూర, తోలు తీసి… నూనె? మనిషికి వారానికి ఒక గంటెడు… లేద్సార్, మొదట్ల పదిహేను దినాలు నాతోటి మాట్లాడలే. తర్వాత అలవాటైంది… పని అంటే గుట్ట దాక నడుసుడు, మొదట్ల సగం దాక, తర్వాత పూర్తిగ. కట్టెలు కొట్టుడు, నీళ్లు తోడుడు, గుంజీలు. మొదలు పదే సార్, ఇప్పుడు నూరు…

రాసుకుంటున్నరా సార్?… నిదానంగ చెప్త. మునగాకు, సార్, మునక్కాయ కాదు. ఒక్క మాట సార్, ఆ కాయితం మీ జేబుల పెట్టుకోకుండ్రి, అమ్మగారి చేతికియ్యండ్రి. జేబుల ఉంటే తగ్గరు…

ఏంద్సార్?…

తునికాకు కోతల దాక… బీటు ఆయనకే ఉంచుతరా?… అవ్ సార్, మూడు నెలలు చాలు. తూకం దవాఖానాలనే సార్, డాక్టరు ముందటనే. మా ఊరి కాంటా జోలికే పోము… సల్లగుండాలె సార్ మీరు. ఆయనకు ఒక్క నిమిషం ఇయ్యండ్రి.

హలో… అవ్, ఇన్న. అంతా ఇన్న…

ఊకో. ఊకోవయ్యా, జవాను ముందట ఏంది. అంత పెద్ద ఒళ్లేసుకొని…

ఏమంటివి, ఆకలా? అవుతది మరి, ఇరవై అయిదు మైళ్ల… ఆ, కిలోమీటర్లే. తిను. కడుపు మాడ్చుకోమని ఎన్నడన్న చెప్పిన్నా? రెండు ఇడ్లీలు… మూడోదెందుకు?… ఆ పెనుబల్లి ఆయన్ను మోసినందుకా. సరే, మూడు. చట్నీ వొద్దు.

బస్సు ఎన్నింటికి?… ఐదింటికల్ల ఈడుంటవ్. ఇను, ఊరిదాక రాకు. రెండు స్టేజీల ముందే దిగు…

కాళ్లు గుంజుతున్నయా. తెలుసు. నిదానంగ నడువు, ఎవరూ తరుముతలేరు.

నేను ఎదురొస్త… అవ్, నడిసే వస్త. కలిసి వద్దం… లేదు, తినేందుకు ఏం తేను. నీళ్లు తెస్త. పెట్టు ఇగ ఫోను…

ముందు నువ్వు పెట్టు… పెట్టు.